సమానమేనని సంతకం పెట్టాను

"నన్ను చదవమంటారా, మీరే చదువుతారా?" అన్నాడు వాచస్పతి.

వాచస్పతి వినికా కంపెనీ లాయరు. ఆయన చేతిలో ఉన్న కాగితం మాత్రం నాది. తొమ్మిదేళ్ల కిందట నేను రాసి, సంతకం చేసి, వైద్య పరికరాల అనుమతి కార్యాలయంలో ఇచ్చినది. అది ఆయనకెలా దొరికిందని అడగనక్కర్లేదు. మా కంపెనీని కొనేముందు అన్నీ చూసుకోవాలని వాళ్లు మా బీరువాలన్నీ తెరిపించారు.

"మీరే చదవండి" అన్నాను.

తీరిగ్గా కళ్లజోడు తుడుచుకుని మరీ చదివాడు. "'మా స్పర్శధ్వని పలుకుపట్టీ, ఇప్పటికే వాడుకలో ఉన్న వినికా పలుకుపట్టీకి ప్రయోజనంలోనూ పనితీరులోనూ అన్ని విధాలా సమానం.' డాక్టర్ సారలమ్మగారూ, ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఇందులో రాసింది నిజమేనా?"

విలీనాల పరిశీలన మండలి హైదరాబాదు శాఖలో, మూడో అంతస్తులో, ఆ గదిలో నలభై మంది దాకా ఉన్నారు. ప్రమాణం చేసి బోనులాంటి బల్ల వెనక నిలబడ్డాను. ఒక్క మాట చాలు. "కాదు" అంటే చాలు.

"నిజమే" అన్నాను.

"మరి ఇప్పుడు రెండూ ఒకటి కాదని ఎలా అంటున్నారు?"

"తర్వాత చేసిన పరిశోధనలో తేలింది."

"తర్వాత!" అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. ఆయన మీద సగం మంట, నా మీద సగం.

సంగతి ఇది. దేశం మొత్తం మీద పలుకుపట్టీలు తయారుచేసే కంపెనీలు రెండే. పెద్దది బెంగళూరు వినికా. చిన్నది మా వరంగల్ స్పర్శధ్వని. నా ల్యాబులో పుట్టిన కంపెనీయే అయినా అందులో పెట్టుబడి పెట్టినవాళ్లు వేరే, వాళ్లు వినికాకు అమ్మేయడానికి ఒప్పుకున్నారు. ఇద్దరూ ఒకటైపోతే అడ్డూ అదుపూ ఉండదు కాబట్టి మండలి అనుమతి తీసుకోవాలి. మండలికి వచ్చిన భయం ఒక్కటే, ధర పెంచేస్తారేమోనని. దానికి వినికా చాలా మర్యాదగా రెండు వరాలిచ్చింది. ఐదేళ్లు ధర పెంచం. స్పర్శధ్వని పట్టీని ఆపేసి, అది కట్టుకున్న నాలుగు వేల రెండువందల మందికీ మా పట్టీ ఉచితంగా ఇస్తాం.

ఉచితం అనే మాట చెవిన పడగానే మన దేశంలో ఎంత చదువుకున్నవాడికైనా మెదడు పనిచేయదు. గదిలో అందరూ తలలూపారు. అధ్యక్షురాలు కూడా ఏదో రాసుకున్నారు. ఆ ఉచితం నాలుగు వేల రెండువందల మందిని చెవిటివాళ్లను చేస్తుందని ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వాళ్ల దగ్గర నా సంతకం ఉంది.

*

మా అక్క పేరు సమ్మక్క. నాకంటే మూడేళ్లు పెద్ద. నాలుగేళ్ల వయసులో మెదడువాపు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. చెవి నరమే ఎండిపోయింది గనుక ఏ యంత్రం పెట్టినా లాభం లేదన్నారు. నేను ఇంజినీరింగు చదివిందీ, చర్మం మీద పరిశోధన చేసిందీ అక్క కోసమే. ఎవరైనా సమాజ సేవ అంటే నాకు చిరాకు.

పలుకుపట్టీ అంటే మణికట్టు నుంచి మోచేతి దాకా చుట్టుకునే మెత్తని పట్టీ. లోపలివైపు నూట నలభై నాలుగు చిన్న మొనలుంటాయి. బయట శబ్దం అయితే అవి చర్మాన్ని తాకుతాయి. మొదట్లో చీమలు పాకినట్టే ఉంటుంది. రెండేళ్లు సాధన చేస్తే ఆ తాకిడి మాటైపోతుంది. అక్క ముప్పయ్యో ఏట మొదలుపెట్టి, పంతొమ్మిది నెలలకు, వంటింట్లో వెనక నుంచి నేను "ఉప్పెక్కువైంది" అని గొణిగితే, తిరిగి చూడకుండానే "అయితే నువ్వే వండుకో" అంది. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

తర్వాత అక్క ఆర్టీసీలో కండక్టరైంది. హనుమకొండ నుంచి పరకాల. ఆ బండి డ్రైవరు కొమురయ్యనే పెళ్లి చేసుకుంది. ఒకసారి అక్క బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాను. కిక్కిరిసిన జనం, కోళ్లగంప, పెళ్లి బృందం.

"ఊరుగొండ ఒక ఫుల్లు, ఒక హాఫు!" అని ఎవరో ముందు నుంచి అరిచారు.

"ఆగు, పోరగాడికి పన్నెండు నిండినయా లేదా చెప్పు!" అని అక్క వెనక నుంచే అంది.

"నిండలేదమ్మా" అన్నాడు పిల్లాడే.

"గొంతు మారింది వానిది. నా చెయ్యికి తెలుస్తది. ఫుల్ టికెట్ తియ్యి."

బస్సంతా నవ్వింది. ఆ నవ్వు కూడా అక్క చేతి మీద వానలా పడుతుందట. బావ గొంతు మణికట్టు దగ్గర బరువుగా తగులుతుందట. నా గొంతు మోచేతి దగ్గర గీరుతుందట. "చిన్నప్పటి సంది నువ్వు గట్లనే గీరుతవనుకుంట" అనేది.

వినికా పట్టీకీ మాదానికీ తేడా అక్కడే ఉంది. వినికా పట్టీ మాటను ముందు తానే అర్థం చేసుకుని, మాటకొక గుర్తు చొప్పున చర్మానికి అందిస్తుంది. పుస్తకాల్లో ఉన్న మాటలే దానికి తెలుసు. మా పట్టీ ఏదీ అర్థం చేసుకోదు. గొంతును, గొడవను, దగ్గును, నవ్వును ఉన్నదున్నట్టు చేతి మీద పరుస్తుంది, అర్థం చేసుకునే పని మనిషికే వదిలేస్తుంది. అన్ని విధాలా సమానమట! రాసిన చెయ్యి విరగ్గొట్టాలి.

ఎందుకు రాశానంటే, అందరూ అలాగే రాస్తారు గనక. కొత్త పరికరం అన్నామా, మూడేళ్ల పరీక్షలు. పాతదానికి సమానం అన్నామా, నాలుగు నెలల్లో అనుమతి. మా రంగంలో చిన్న ల్యాబులన్నీ ఈ దారినే వెళతాయి. పైగా అక్కకు అప్పటికే ముప్పై. ఇంకో మూడేళ్లు ఆగమని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నలుగురు నడిచిన దారే కదా అని సంతకం గీకేశాను.

అసలు ప్రమాదం ఏడేళ్ల తర్వాత బయటపడింది. వినికా వాళ్ల ప్రచార శిబిరంలో ఊరికే ఇస్తున్నారని మా పట్టీ వాడేవాళ్లలో ఐదుగురు వాళ్ల పట్టీ కట్టుకున్నారు. రెండు నెలలకు ఏడుస్తూ నా దగ్గరికొచ్చారు. వినికా పట్టీ అంతుపట్టలేదు. పోనీ అని మళ్లీ మా పట్టీ కట్టుకుంటే అదీ అర్థం కావడం లేదు. వినికిడి లేక ఖాళీగా పడి ఉన్న మెదడు భాగం తడి సిమెంటు లాంటిది, మొదటి అడుగును గట్టిగా పట్టుకుంటుంది. దాని మీద రెండో అడుగు వేస్తే మొదటిది చెదిరిపోతుంది, రెండోది దిగదు. ఇందులో బాగుచేసేదేమీ లేదు.

ఈ ఐదుగురి వివరాలు రెండేళ్లు నా సొరుగులో ఉన్నాయి. ఎక్కడా అచ్చు వేయలేదు. వేస్తే, మరి సమానమని ఎలా రాశావని అడుగుతారు కదా.

*

మండలి తరఫున విచారణ చేసే అధికారి ప్రభుదాసు. గుంటూరు మనిషి, మాట నెమ్మది. మొదటి వాయిదా అయిన వారానికి మా ల్యాబుకొచ్చాడు. వాడేవాళ్లలో ఒకరిని చూస్తానంటే అక్కను పిలిపించాను. అక్క డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చి కూర్చుంది.

"మేడమ్, ఐదుగురి కాగితాలు చూశానండీ" అన్నాడు ప్రభుదాసు. "కానీ వీళ్లు ముందు ఎంత వినేవాళ్లో కొలిచినవాళ్లు లేరు. వాచస్పతిగారు ఒక్క ఊపులో ఎగరగొట్టేస్తారండీ. అది సరే, రెండేళ్ల కిందటే తెలిసి ఎక్కడా రాయలేదేంటండీ?"

"పనుల్లో పడి..." అన్నాను.

ఆయన నా మొహం వంక చూసి, ఆ కాగితాలు మడిచాడు. "మా నిపుణుల ఎదుట ఒక మనిషిని ముందు కొలిచి, వినికా పట్టీ కట్టించి, మళ్లీ కొలిస్తే తప్ప మండలి నమ్మదండీ. ఎన్నాళ్లు పడుతుంది?"

"నలభై రోజులు. కానీ ఆ మనిషికి ఇక వినపడదు. ఎవరొప్పుకుంటారు?"

"నేను కట్టుకుంట" అంది అక్క.

ఇద్దరం తిరిగి చూశాం.

"అక్కా, నువ్వు ఊరుకో."

"ఎందుకూకోవాలె? వాళ్లు కంపెనీ కొన్నంక ఎట్లయినా మా మిషన్లు బంద్ జేస్తరు. గప్పుడు ఎట్లయినా నాకు ఇనపడది. నెలనెలా మీ కంపెనీ మిషన్ సరిజేయకుంటే ఈ పట్టీ మూడు నెలలల్ల మొద్దుబారుతదని నువ్వే జెప్పినవ్ గదా? ఎట్లయినా పోయేదే గదా. పోయేదేదో పనికొచ్చేటట్టు పోతది."

ఆ రోజు సాయంత్రం వాళ్లింట్లో పెద్ద రగడ జరిగింది. బావ కొమురయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"ఏంది సారక్కా, మీ ఆఫీసోళ్ల పంచాదికి నా పెండ్లాం చెయ్యి గావాల్నా? ఇంకో తోవ లేదా?" అన్నాడు.

ఉంది. ఇంకో తోవ ఉంది. మండలి ముందు నిలబడి "నేను రాసింది అబద్ధం" అంటే వాళ్ల ఉచితం కథ అక్కడికక్కడే కూలిపోతుంది. కానీ అలా అంటే నా పట్టీకి అనుమతే చెల్లదు. అనుమతి పోతే కట్టుకున్న పట్టీలన్నీ విప్పించేస్తారు, అందరికీ ఇవాళే పోతుంది. నాకు నేను చెప్పుకున్న లెక్క అది. అది నిజమేనా అని రూలు పుస్తకం తీసి చూడలేదు. చూస్తే నాకు మిగిలే సాకు కూడా పోతుందని నా లోపల ఎవరికో తెలుసు.

"లేదు బావా" అన్నాను.

అక్కకు వద్దని చెప్పాను. గట్టిగానే చెప్పాను. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. అసలు చెప్పాల్సిన ఆ ఒక్క ముక్క తప్ప అన్నీ చెప్పాను.

*

మొదటి రోజు పరీక్ష. తెర వెనక మండలి నిపుణురాలు వంద మాటలు చదివింది. అక్క తొంభై ఆరు సరిగ్గా చెప్పింది. మిగతా నాలుగూ ఆవిడ ఉచ్చారణ తప్పని వాదించింది కూడా. వాచస్పతి పంపిన గుమాస్తా నవ్వాపుకోలేకపోయాడు. తర్వాత మా పట్టీ విప్పి సీలు వేసిన డబ్బాలో పెట్టారు, వినికా పట్టీ కట్టారు.

ఆరో రోజున "ఇదేందే, అందరి గొంతూ ఒక్కతీరుగనే ఉంది? మీ బావకూ, ఆ టీవీ పిల్లకూ తేడానే లేదు" అంది అక్క. పన్నెండో రోజు నుంచి అక్కకు కొన్ని మాటలు అందసాగాయి, "నీరు", "అన్నం", "సమయం" లాంటివి. బావ "నీళ్లు తాగుతవా" అంటే ఆ పట్టీకి అర్థం కాక ఊరుకునేది. ఆ మనిషి ఇంట్లో పంతులులాగా "నీరు త్రాగుతావా" అని పలకడం నేర్చుకున్నాడు. పలికి, బయటికెళ్లి బీడీ ముట్టించేవాడు.

పంతొమ్మిదో రోజు నేను ఉండబట్టలేక "ఆపేద్దాం అక్కా. ఇప్పుడు ఆపితే సగమైనా తిరిగి వస్తుందేమో" అన్నాను. నోరు చూసి అర్థం చేసుకుంది. "సగంల ఇడిసిపెడితే లెక్కకొస్తదా? రాదు గదా. నువ్వు రాసుకో" అంది. నేను రాసుకున్నాను. రోజూ ఎదురుగా కూర్చుని, ఎన్ని మాటలు అందాయో, ఎన్ని పోయాయో గళ్ల పుస్తకంలో రాసుకున్నాను. దొంగముండను.

ఇరవై రెండో రోజు ఆత్మకూరు స్టాపులో ఒక ముసలమ్మ దిగుతుండగా అక్క "రైట్, రైట్" అని గంట కొట్టింది. ముసలమ్మ కాలు ఇంకా మెట్టు మీదే ఉంది. కెవ్వున అరిచింది. బస్సులో అందరూ అరిచారు. ఆ అరుపు వినికా పట్టీకి మాట కాదు గదా, అది అందించలేదు. మా పట్టీ అయితే మోచేతి దాకా కొట్టుకుని ఉండేది. బావ అద్దంలో చూసి బ్రేకు వేసేలోపు ముసలమ్మ కిందపడి మణికట్టు విరిగింది.

డిపోలో అక్కను బస్సు దించేశారు. టికెట్ మిషన్లకు చార్జింగు పెట్టే గదిలో కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచి ఇంటికొచ్చినా ఎక్కువ మాట్లాడేది కాదు. "ఆ అవ్వ అరిచిందట గదా? ఎట్ల అరిచింది?" అని మాత్రం రెండుసార్లు నన్ను అడిగింది. ఏం చెప్పను? అరుపును కాగితం మీద రాసి చూపించడం ఎవడి వల్ల అవుతుంది?

నలభయ్యో రోజు సీలు తీసి మా పట్టీ మళ్లీ కట్టారు. నిపుణురాలు వంద మాటలు చదివింది. అక్క కళ్లు మూసుకుని చెయ్యి బల్ల మీద చాపి కూర్చుంది. పదో మాటకు పెదవి కదిపి ఆగిపోయింది. వందలో మూడు. అవి కూడా ఊహించి చెప్పినవే.

"చీమలు" అంది అక్క. "ఉట్టి చీమలే."

బావ గోడకు తల కొట్టుకున్నాడు. ఆ చప్పుడు గదిలో మాకందరికీ వినిపించింది.

*

ఫలితం మండలికి చేరింది. వాయిదా రోజు నేను గుండె రాయి చేసుకుని వెళ్లాను. ఇక వాళ్ల ఉచితం ఎలా నిలబడుతుందో చూద్దామనుకున్నాను. ప్రభుదాసు నివేదిక తెరిచాడో లేదో వాచస్పతి లేచాడు.

"అధ్యక్షులవారికి మనవి. మా కక్షిదారు ఈ విలీన దరఖాస్తును ఉపసంహరించుకుంటున్నారు."

అధ్యక్షురాలు పక్కనున్న ఉద్యోగి వైపు తిరిగారు. "నమోదు చేయండి. ఫైలు మూసేయండి."

నాకు మొదట ఆనందమే వేసింది, పిచ్చిదాన్ని. గెలిచామనుకున్నాను. మెట్ల దగ్గర ప్రభుదాసు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇది వాళ్ల అలవాటేనండీ. సాక్ష్యం ఎదురుతిరిగితే దరఖాస్తు వెనక్కి తీసేసుకుంటారు. రెండు నెలలకు నాలుగు ముక్కలు మార్చి కొత్తది వేస్తారు. మూసిన ఫైల్లో సాక్ష్యం కొత్త ఫైల్లోకి రాదు. మళ్లీ మొదటి నుంచి తేవాలి."

"మా అక్క ఉంది కదా!"

"ఆమె ఇప్పుడు వినే మనిషి కాదు కదండీ, ముందు వెనక కొలవడానికి? ఇంకొకరు కావాలంటారు."

ఇంకొకరు! నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ వరండాలో, నల్లకోట్లు వేసుకున్నవాళ్లందరూ వినేట్టు, వాచస్పతి తాతముత్తాతల దాకా వెళ్లి తిట్టాను. మా అక్క నలభై రోజులు తన వినికిడిని కరిగించి తెచ్చిన సాక్ష్యాన్ని వాళ్లు ఒక్క వాక్యంతో చెత్తబుట్టలో వేశారు. అది నేరం కూడా కాదు. పద్ధతి. ఆ పద్ధతి రాసినవాళ్ల ఇళ్లలో చెవిటివాళ్లెవరూ లేరేమో.

ప్రభుదాసు నేను అలిసిపోయేదాకా ఆగాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "సాక్ష్యం మనిషే కానక్కర్లేదండీ. వాళ్ల ఉచితానికి ఉన్నది ఒక్కటే కాలు, ఆ సమానం అన్న కాగితం. అది లేకపోతే..."

ఆయనకు ఎప్పటి నుంచో తెలుసునని అప్పుడర్థమైంది.

"ఆ కాగితం చెల్లదని తేలితే కట్టుకున్న పట్టీలన్నీ విప్పించేస్తారు కదా?" అన్నాను.

"ఎవరు చెప్పారండీ? కొత్తవి అమ్మకూడదు, అంతే. ఒంటి మీద ఉన్నవి కొనసాగాలి, కంపెనీ వాటి బాగోగులు చూడాలి. పదకొండో రూలు. మీకు తెలియదా?"

"తెలుసుకోలేదు" అన్నాను.

ఆయన ఫైలు చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. తిట్టినా బాగుండేది.

*

వినికా కొత్త దరఖాస్తు యాభై రోజులకు వచ్చింది. అవే వరాలు, అదే ఉచితం. కొత్త వాయిదాకు అక్కను బావ తీసుకొచ్చాడు. ఆఖరి వరసలో కూర్చున్నారు. నేను బల్ల వెనక అధ్యక్షురాలికి ఎదురుగా నిలబడ్డాను, నా వీపు అక్క వైపుంది. నా పెదాలు దానికి కనపడవు. అందుకు సంతోషించాను కూడా, అబద్ధమెందుకు.

వాచస్పతి అదే కాగితం తీశాడు. "డాక్టర్ సారలమ్మగారూ, ఇందులో రాసింది నిజమేనా?"

"కాదు."

"క్షమించాలి?"

"కాదు అన్నాను. అబద్ధం రాశాను. రాసిన రోజే అబద్ధమని నాకు తెలుసు. మూడేళ్ల పరీక్షలు తప్పించుకోవడానికి రాశాను. రెండు పట్టీలూ ఏ విధంగానూ సమానం కావు. ఒకటి తీసి ఇంకోటి కడితే మనిషికి రెండూ పోతాయి. ఆరుగురికి పోయాయి."

"అంటే పోయిన ఫైల్లో మీరు ప్రమాణం చేసి చెప్పినది..."

"అదీ అబద్ధమే. రాసుకోండి."

అధ్యక్షురాలు కలం కింద పెట్టారు. "దీని ఫలితం మీకు తెలుసా?"

"తెలుసమ్మా."

తెలుసు. కేసు పెడతారు. ఇక నేను ఏ పరికరం కాగితం మీదా సంతకం పెట్టడానికి వీల్లేదు. ల్యాబు తలుపు మీద నా పేరు ఉండదు. తొమ్మిదేళ్లు మోసిన మూట అక్కడ దించాను, దించగానే తేలికవుతుందనుకున్నాను. అలా ఏమీ కాలేదు.

మూడు గంటలకు నిర్ణయం చదివారు. సమానం కాని పరికరాన్ని ఉచితంగా ఇవ్వడం ఉపకారం కాదు, ఉన్నదాన్ని లాక్కోవడం. విలీనానికి అనుమతి లేదు. స్పర్శధ్వని పట్టీలు కట్టుకున్నవారి సేవలు ఒక్క రోజు కూడా ఆపకూడదు. వాచస్పతి కాగితాలు సర్దుకుంటూ నన్ను పురుగును చూసినట్టు చూశాడు. చూడనీ. నాలుగు వేల రెండువందల మందికి రేపు పొద్దున్న మాట వినబడుతుంది.

వరండాలో అక్క నా భుజం పట్టుకుంది. మొహమంతా నవ్వే.

"గెలిసినమట గదా! బావ జెప్పిండు. నువ్వేదో అన్నంక ఆ నల్లకోటాయన మొకం మాడిపోయిందట. ఏమన్నవే? బావను అడిగితే నిన్నే అడుగుమంటున్నడు."

బావ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. పెదాలతో చెప్పడానికి ప్రయత్నించాను. రాలేదు. గళ్ల పుస్తకం తీసి, ఖాళీ పేజీలో రాశాను. "రెండు పట్టీలూ ఒకటేనని తొమ్మిదేళ్ల కింద అబద్ధం సంతకం పెట్టిన. అది అబద్ధమని ఇయ్యాల చెప్పిన. ఆ ఒక్క మాటతోనే ఆగిపోయింది."

అక్క చదివింది. మళ్లీ చదివింది. నవ్వు పోవడానికి కొంచెం సేపు పట్టింది.

"ఒక్క మాటతోనా?" అంది.

తలూపాను.

"ఈ మాట మొదటి వాయిదాల జెప్తే?"

నేను తలూపలేదు. ఊపనక్కర్లేదు.

"నలభై దినాలు నా ఎదురుంగ కూసున్నవ్" అంది. దానికి తన గొంతు ఎంత పెద్దదైందో తెలియడం లేదు, వరండా చివర దాకా వినపడుతోంది. "రోజూ రాసుకున్నవ్. ఎన్ని పోయినయో లెక్కవెట్టినవ్. నీకు నోరు రాలేదా? నాకు జెప్తే నేనేమన్న నిన్ను జంపుతునా? సంతకమే గదనే! సంతకం పెడితిని, తప్పయిందక్కా అంటే అయిపోవు గదా! ఆ అవ్వ చెయ్యి ఇరిగిపాయె. నా కొలువు పాయె. ఈయన గొంతు పాయె నాకు. ఈయన గొంతు!"

కొట్టడానికి చెయ్యెత్తింది. అది ఎడమ చెయ్యి, ఒట్టి చెయ్యి. మోచేతి దాకా పట్టీ కట్టిన చోట చర్మం ఇంకా తెల్లగానే ఉంది. కొట్టలేదు. చెయ్యి దించుకుని బావ రెక్క పట్టుకుని మెట్ల వైపు నడిచింది.

"అక్కా!" అని అరిచాను.

వరండాలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. బావ కూడా చూశాడు. అక్క మెట్లు దిగుతూనే ఉంది.